దుబాయి అంటున్నాడు సార్

ఆ స్లిప్పులు రాసింది నేను. ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే చెప్పవలసిన రోజున చెప్పలేదు.

నా పేరు నర్సింగ్. మాది నిర్మల్ దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఒక కట్టుబడి కంపెనీలో టైంకీపర్ని. ఎవరు ఎన్ని గంటలకు డ్యూటీకి వచ్చారు, ఎవరికి ఓవర్‌టైం పడింది, ఎవరు జ్వరమని పడుకున్నారు, ఇవి రాసుకోవడం నా పని. పదో తరగతి పాసయ్యాను కాబట్టి క్యాంపులో నన్ను చదువుకున్నవాడి కింద లెక్కగడతారు. ఇంటి నుంచి వచ్చిన కాగితాలు చదివి పెట్టడం, బ్యాంకు ఫారాలు నింపడం, ఆఫీసులో ఎవరినైనా పిలిస్తే వెంట వెళ్లి వాళ్ల మాట హిందీలో చెప్పడం, అన్నీ నావే. మంగళవారం ఒంటిపూట తింటాను. శుక్రవారం మనామాలో గుడికి పోతాను. గదిలో దీపం పెట్టనివ్వరు, అందుకని హనుమంతుడి పటం ముందు కరెంటు దీపం పెట్టుకున్నాను. దేవుడు సర్దుకుంటాడని నా నమ్మకం.

ఆ ఏడు మా కంపెనీకి జల్లాఖ్‌లో, సముద్రపు ఒడ్డున, రిసార్టు కట్టే పని దొరికింది. రిసార్టు వాళ్ల తరఫున బిలాల్ అని ఒక సేఫ్టీ ఆఫీసర్ ఉండేవాడు. ఈ దేశం మనిషే. కడుతున్న గోడ పక్కన ఇనుప పైపులతో పరంజా కడతారు చూడండి, స్కఫోల్డింగ్ అంటాం, దాని మీద అతనికి పట్టింపు ఎక్కువ. అది కట్టే ప్రతి మనిషికీ శిక్షణ కేంద్రం ఇచ్చిన కార్డు ఉండాలన్నాడు. ఐదేళ్లు ఆ పని చేసినట్టు పాత కంపెనీ ఇచ్చిన ఉత్తరం కూడా ఉండాలన్నాడు.

మా సూపర్‌వైజర్ నాగేంద్రబాబు గారిది రాజోలు వైపు. శుక్రవారం పొద్దున్నే నన్ను పక్కకు పిలిచారు.

"ఏవయ్యా నర్సింగూ, పదకొండు మందికి కార్డులు కావాలి. సోమవారానికల్లా."

"శిక్షణకు పంపుతరా సార్?"

"నాలుగు రోజులు వీళ్లని బళ్లో కూచోబెడితే పైపులు ఎవరు మోస్తారు, నువ్వా నేనా? అయినా పరీక్ష పెడితే ఎంతమంది పాసవుతారంటావ్? మీ మల్లేష్‌కి మంచం ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి."

"మరెట్ల సార్?"

"మనామాలో షంషుద్దీన్ లేడూ? ఒక్కొక్కళ్ల వివరం స్లిప్పు మీద రాసి పట్టుకెళ్లు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంతకుముందు ఎక్కడ ఎన్నేళ్లు చేశాడు. ఏమీ చెయ్యనోడికి గలాలీ అని రాసెయ్. అక్కడ విల్లాలు కట్టిన కంపెనీ ఒకటి మూసేశారు, కనుక్కునేవాడు ఉండడు."

ఇది తప్పని నాకు తెలియదా అంటే, తెలుసు. కానీ క్యాంపులో తప్పులు ఒక్కొక్కటి రావు. పై నుంచి ఒక మాటలా వస్తాయి, మనం ఇంకొకరికి అందిస్తాం. మధ్యలో ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు. అలా అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

మధ్యాహ్నం భోజనాల వేళ మంచం మీద కూర్చుని స్లిప్పులు రాశాను. మల్లేష్ అందరికంటే ముందు వచ్చాడు. నలభై దాటిన మనిషి, మా దగ్గరికి వచ్చి నాలుగు నెలలు.

"అన్నా, నేనైతె సీఫ్‌ల మాల్ ముంగట చెట్లకు నీళ్లు పోసిన. గది రాస్తవా?"

"గది రాస్తె నిన్ను ఖర్జూరం చెట్టెక్కిస్తరు," అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఎక్కిస్తె ఎక్కిస్తరు తీ. చెట్టన్న కదలకుంట ఉంటది. గా పైపులు నేను పట్టుకున్నా ఊగుతయ్, ఇడిసినా ఊగుతయ్."

నేను అతని స్లిప్పు మీద గలాలీ, ఆరేళ్లు అని రాశాను.

ఆఖరివాడు పోశన్న. జగిత్యాల వైపు మనిషి. మా క్యాంపులో స్కఫోల్డింగ్ పని తెలిసినవాడంటే నిజానికి అతనొక్కడే. నాలుగేళ్లు ఈ దేశంలోనే, గలాలీలో విల్లాల దగ్గర చేశాడు, ఆ మూతపడ్డ కంపెనీలోనే. తర్వాత రెండేళ్లు మా దగ్గర. పైపును అరచేత్తో తట్టి, చప్పుడు విని, లోపల తుప్పు పట్టిందో లేదో చెప్పేవాడు. పైపుల్ని కలిపి పట్టే క్లాంపు అతను బిగిస్తే, దాని మీద ఎవరైనా కళ్లు మూసుకుని కాలు పెట్టేవారు. ఇవన్నీ నాకు తెలుసు. గలాలీ సంగతి కూడా తెలుసు. ఎన్నోసార్లు చెప్పాడు.

అతను కంచం కడుక్కుంటూ, గుమ్మం దగ్గర నుంచే అడిగాడు. "పరీక్ష లేదా అన్నా?"

"లేదు తమ్మీ. ఫీజు కడితె కార్డొస్తది."

"గదేంది? పెడితె మంచిగుండు గద. ఒక్కసారన్న ఫస్టు పాసైతుంటి."

"ఇంతకుముందు యాడ చేసినవ్?" అని అడిగాను. స్లిప్పు మీద కలం పెట్టి, గడియారం వైపు చూస్తూ. గుడికి పోయే బస్సుకు టైమవుతోంది.

"యాడ జేస్తనే, దుబాయిలనే. ఆరేండ్లాయె."

మా వైపు ఈ దేశాలన్నీ దుబాయే. మస్కట్ పోయినవాడు, సౌదీ పోయినవాడు, ఖతర్ పోయినవాడు, అందరూ దుబాయి పోయినవాళ్లే. మా ఆవిడ కళ ఊళ్లో 'మా ఆయన దుబాయిల ఉంటడు' అనే చెబుతుంది. నేను సెలవు మీద పోతే 'దుబాయి నుంచి ఎప్పుడొచ్చినవ్' అంటారు, 'మొన్ననే' అంటాను. ఒక్కసారి కూడా దిద్దలేదు.

స్లిప్పు మీద ఇంగ్లీషులో దుబాయి, ఆరేళ్లు అని రాసి, జేబులో పెట్టుకుని బస్సుకు పరుగెత్తాను.

శనివారం సాయంత్రం మనామాలో షంషుద్దీన్ దుకాణానికి వెళ్లాను. సన్న గల్లీలో టైపింగ్, జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు. ఆయనది బోధన్. ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లు.

"ఆవో నర్సింగ్ భాయ్! ఎంతమంది పెండ్లికొడుకులు?" ఫొటోలు గల్లా మీద పరుచుకుంటూ అడిగాడు.

"పదకొండు."

"గీనికి చూడు, ముక్కుల చీమ దూరినట్టుంది ముఖం. గీడు స్కఫోల్డింగ్ కడతడా?" మల్లేష్ ఫొటో ఎత్తి చూపించాడు.

"కట్టడు. కార్డు కావాలె."

"అస్లీ చీజ్ అదే భాయ్. పని రానోనికే కార్డు కావాలె. వచ్చినోనికి ఎందుకు?" అప్పటికే చేసిపెట్టిన ఇంకెవరిదో కార్డు మీద మెరిసే బిళ్ల అతికించి నా చేతికిచ్చాడు. "చూడు. కేంద్రమోళ్లు ఇచ్చేది ఆర్నెల్లకు రంగు పోతది. నాది మనిషి పోయినా పోదు."

కార్డు బరువుగా, నున్నగా ఉంది. నా కంపెనీ గుర్తింపు కార్డు కంటే అదే అసలుదానిలా ఉంది.

"తప్పు గాదా భాయ్?" అన్నాను.

ఆయన పని ఆపకుండా అన్నాడు. "నువ్వు హనుమాన్ భక్తునివి. నేను ఐదు పూటల నమాజ్ జేసేటోన్ని. ఇద్దరం ఈడ కూసున్నం. తప్పైతె ఇద్దర్ల ఒక్కనికన్న కాళ్లు వణకాలె గద. వణుకుతున్నయా?"

"కొంచెం."

"అది ఏసీ."

నేను నవ్వాను. ఆయన సొరుగు లాగి రెండు ఫోన్లు చూపించాడు. గలాలీ కంపెనీ ఉత్తరాల మీద వేసే నంబరు ఆ ఫోన్లలో ఒకదానిది. ఎవరైనా కనుక్కుందామని ఫోన్ చేస్తే ఈయనే ఎత్తి, మంచి ఇంగ్లీషులో, అవును, ఆ మనిషి మా దగ్గర చేశాడు, నెమ్మదస్తుడు అని చెబుతాడు.

స్లిప్పులు ఒక్కొక్కటి తిప్పుతూ పోశన్న స్లిప్పు దగ్గర ఆగాడు. "ఇది దుబాయి. దీనికి వేరే కంపెనీ కాగితం పెట్టాలె. ఉన్నది నా దగ్గర, పాతది."

"ఊఁ," అన్నాను.

ఏం విని ఊఁ అన్నానో ఎన్నిసార్లు తలుచుకున్నా గుర్తు రాదు. ఆయన చెప్పింది విన్నాను. దుబాయి అన్నాడు. మా మాటే కదా. నా చెవికి అందులో కొత్తేమీ తగల్లేదు.

సోమవారం కార్డులు బిలాల్ టేబుల్ మీదికి వెళ్లాయి. బుధవారం నాగేంద్రబాబు గారు సైట్‌లో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

"పోశన్నది పట్టుబడింది. మిగతా పదీ దాటాయి. బిలాల్ ఫోన్ చేస్తే షంషుద్దీన్ ఎత్తాడు, బానే మాట్లాడాడు. దీని మీద దుబాయి కంపెనీ ఉంది. ఫోన్ ఎవడూ ఎత్తలేదు. పాస్‌పోర్టు చూస్తే వీడు దుబాయిలో కాలే పెట్టలేదు, ఆరేళ్లూ ఇక్కడే ఉన్నాడు. నువ్వెలా రాశావయ్యా దుబాయని?"

అప్పుడు నాకు తెలిసింది.

"మా దిక్కు గట్లనే అంటరు సార్..."

"మీ దిక్కు! మీ దిక్కు అన్నీ అలాగే ఏడుస్తాయి." చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "విను. నువ్వే వచ్చి వాడి మాట హిందీలో చెప్పాలట, బిలాల్ పిలుస్తున్నాడు. ఆ స్లిప్పు షంషుద్దీన్ దగ్గర్నుంచి తెప్పించాను, నా దగ్గరే ఉంది. నీ చేతిరాత. నేనెక్కడా సంతకం పెట్టలేదు. నీ వీసా రెన్యువలు వచ్చే నెల. అడిగింది అడిగినట్టు చెప్పు, చెప్పింది చెప్పినట్టు చెప్పు. సొంతం కలపమాకు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

బిలాల్ గది చిన్నది. పోశన్న హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు పిలిచారో అతనికి తెలియదు, పని బాగుందని చెప్పడానికేమో అనుకున్నట్టు ఉంది ముఖం. ఆరేళ్లయినా అతని హిందీ ఊపర్, నీచే, పకడ్, ఛోడ్ దాటలేదు. పైపుల మీద అంతకంటే అవసరం పడలేదు. నాగేంద్రబాబు గారు తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు.

బిలాల్ కళ్లద్దాలు తీసి నాతో హిందీలో మాట్లాడాడు. "ఇతను కట్టిన పని నేను చూశాను. చేయి తిరిగిన మనిషి. అందుకే పిలిచాను, లేకపోతే కాగితం పోలీసులకిచ్చి ఊరుకునేవాణ్ణి. పాస్‌పోర్టు ఇక్కడే ఉన్నాడంటోంది, ఉత్తరం దుబాయిలో ఉన్నాడంటోంది. నాకు అతని నోట నిజం వినాలని ఉంది. ఇక్కడే నేర్చుకున్నానని చెబితే చాలు, ఆదివారం పరీక్షకు నేనే పంపిస్తాను, పాసవుతాడు, అసలు కార్డు వస్తుంది. దొంగ ఉత్తరం మీదే నిలబడితే ఖలాస్. అబద్ధమాడేవాడు బిగించిన క్లాంపు కింద నేను మనుషుల్ని నిలబెట్టను. ముందు ఈ ఒక్క మాట అడుగు. దుబాయిలో పనిచేశాడా?"

అడిగింది అడిగినట్టు అడిగాను. "దుబాయిల పనిచేసినవా అని అడుగుతుండు తమ్మీ."

పోశన్న ముఖం వెలిగింది. "జేసిన గద సార్! ఆరేండ్లు దుబాయిల గిదే పని."

"దుబాయి అంటున్నాడు సార్. ఆరేళ్లు."

చెప్పనవసరం కూడా లేదు. ఆ మాట పోశన్న నోట బిలాల్ స్వయంగా విన్నాడు. అతను కాసేపు పాస్‌పోర్టు పేజీలు తిప్పాడు. "ఇంకొకసారి అడుగు. తొందర లేదు, ఆలోచించి చెప్పమను."

"ఆలోచించి చెప్పుమంటుండు. దుబాయిల్నేనా?"

పోశన్న నా వైపు చూసి నవ్వాడు. చిన్నపిల్లవాడిని అడిగినట్టు ఇదేం ప్రశ్న అన్న నవ్వు. "గిదేం అడుగుడే అన్నా? ఇప్పుడు గూడ దుబాయిల్నే నిలబడ్డ గద!"

ఆ వాక్యం ఉన్నదున్నట్టు అటు చేరిస్తే చాలు. ఇప్పుడు కూడా దుబాయిలోనే నిలబడి ఉన్నానంటున్నాడు సార్. అంతే. నేను సొంతం కలపక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. బిలాల్ తెలివైనవాడు, నవ్వేసేవాడు, అంతా తేలిపోయేది. ఆ తర్వాత అడిగేవాడు, మరి ఈ ఉత్తరం దుబాయిదని ఎవరు రాయించారు అని.

"ఏమంటున్నాడు? ఎందుకు నవ్వుతున్నాడు?" అన్నాడు బిలాల్.

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది.

"అదే మాట మళ్లీ అంటున్నాడు సార్," అన్నాను.

బిలాల్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నా ముఖం మీద నవ్వుతున్నాడు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. పాస్‌పోర్టు మూశాడు. "ఖలాస్."

నేను చిన్నప్పటి నుంచి హనుమంతుణ్ణి కొలిచేవాణ్ణి. ఆయన చేసిన పనులన్నిట్లో పెద్దది సముద్రం దాటడం కాదని మా ఊళ్లో పురాణం చెప్పే అయ్యగారు అనేవారు. ఆయన తిరిగొచ్చి రాముడితో 'సీతమ్మను' అని మొదలుపెట్టలేదట, 'చూశాను' అని మొదలుపెట్టాడట. సీతమ్మను అని ఆగితే ఆ రెప్పపాటు రాముడి ప్రాణం ఏమైపోతుందోనని. మాట మోసేవాడు అంత జాగ్రత్తగా ఉండాలి. నేను ఎవరి మాట మోశానో, దాన్ని ఎక్కడ పడేశానో ఆ దేవుడికి కనబడి ఉంటుంది. అయినా మంగళవారం ఒంటిపూట మానలేదు. మానితే ఎవరికైనా అనుమానం వస్తుందని కాదు. మానడానికి కూడా ధైర్యం కావాలి.

ఆ సాయంత్రం పోశన్న నా గదికి వచ్చాడు. వీసా రద్దు చేస్తారని, శనివారం టికెట్ అని చెప్పారట. ఎందుకన్నది తెలియదు. కార్డేదో సరిగా లేదని మాత్రం నాగేంద్రబాబు గారు అన్నారట.

"నువ్వు చానా మాట్లాడినవన్నా నా దిక్కు," అన్నాడు. "నేను చూస్తనే ఉన్న. నీకు చెమటలు పట్టినయ్. గా సారే ఇనలె. భీమవ్వకు గూడ చెప్పిన, నర్సింగన్న లేకుంటె నన్ను జైల్ల ఏస్తుండిరి అని. నీకు దండం పెట్టుమన్నది."

భీమవ్వ అతని భార్య. ఆమె నాకెప్పుడూ కనబడలేదు.

"కూసో తమ్మీ, చాయ్ తాగు," అన్నాను. అతను చాయ్ తాగి, గ్లాసు కూడా కడిగిపెట్టి వెళ్లాడు.

మర్నాడు కళకు ఫోన్ చేశాను. ఎవరికైనా ఒకరికి చెప్పకపోతే అన్నం దిగేలా లేదు. మొత్తం చెప్పాను, స్లిప్పు దగ్గర నుంచి చివరి మాట దాకా.

ఆమె అంతా విని, "అయితె నువ్వేం తప్పు చేసినవ్?" అంది.

"ఆయన దుబాయి అన్నడు. నేను దుబాయి అని చెప్పిన."

"మరి? దుబాయిని దుబాయి అనకుంట ఏమంటరు?"

"ఇది దుబాయి గాదే. బహ్రెయిన్."

"అవ్, దుబాయిల బహ్రెయిన్. నాకెర్కనే." ఏదో కాగుతున్నట్టుంది, గరిటె చప్పుడు వినిపించింది. "ఆయన అబద్ధం చెప్పలె, నువ్వు అబద్ధం చెప్పలె. గా సారుకే సమజ్ గాలె. నువ్వు ఊకె మనాది పెట్టుకోకు. వీసా ఎప్పుడన్నవ్?"

"వచ్చే నెల."

"దేవునికి మొక్కుకో," అంది.

ఆమె తప్పేమీ లేదు. నేను చెప్పిన పాపం ఆమె భాషలో లేదు. నాకు కావలసిన క్షమాపణ ఎంత సులువుగా దొరికిందంటే, అది చెల్లదని ఫోన్ పెట్టేయక ముందే తెలిసింది.

శనివారం పొద్దున క్యాంపు గేటు దగ్గర వ్యాన్ ఆగింది. పోశన్న సామాన్ ఒక పెట్టె, ఒక సంచి. సంచి నేను మోశాను. డ్రైవర్ కాగితాల కోసం ఆఫీసులోకి వెళ్లాడు.

"ఆఖరికి నాకైతె సమజ్ గాలేదన్నా," అన్నాడు పోశన్న. "గంత మంచిగ అడిగినోడు గంతల్నే ఎందుకు ఖలాస్ అన్నడు?"

చెప్పాను. ఆ క్షణంలో ఎందుకు చెప్పానో నాకే తెలియదు. దుబాయి వేరే దేశమని, అక్కడి కంపెనీ పేరుతో దొంగ ఉత్తరం వచ్చిందని, స్లిప్పు నేనే రాశానని, ఇక్కడే నేర్చుకున్నానని ఒక్క మాటంటే పరీక్షకు పంపుతానని బిలాల్ అన్నాడని.

అతను నేల చూస్తూ విన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, వస్తే బాగుండేది.

"దుబాయి వేరే దేశమని నాకెర్కలేదా?" అన్నాడు. "ఆరేండ్ల సంది బతుకుతున్న. బహ్రెయిన్‌ల యాడ చేసినవ్ అంటె గలాలీల అందును. కంపెనీ పేరు, ఇంజనీర్ పేరు, ఎన్ని ఇండ్లు కట్టినమో గూడ చెప్దును. నువ్వు మనోని లెక్క అడిగినవ్ అన్నా. నేను మనోనికి చెప్పినట్టు చెప్పిన."

నేను సంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"పరీక్షకు పంపుతనన్నడా నిజంగ?"

"అన్నడు."

"పాసైతుంటి," అన్నాడు.

డ్రైవర్ వచ్చి తొందరపెడుతూ "యల్లా, యల్లా" అన్నాడు. పోశన్న నా చేతిలోని సంచి తీసుకున్నాడు. దండం పెట్టలేదు, తిట్టలేదు. వ్యాన్‌లో అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.

నేను నేరుగా బిలాల్ గదికి వెళ్లాను. విమానం మధ్యాహ్నం. ఇంకా నాలుగు గంటలు ఉంది. అది చూసుకునే వెళ్లానని చెప్పుకోవడం నాకిష్టం. కానీ పాస్‌పోర్టు మీద రద్దు ముద్ర పడ్డ తర్వాత, మనిషి వ్యాన్ ఎక్కిన తర్వాతే నా కాళ్లు కదిలాయన్నది కూడా నిజం.

బిలాల్ అంతా విన్నాడు. మా ఊళ్లో దుబాయి అంటే ఏమిటో చెప్పినప్పుడు మాత్రం ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాడు.

"అంటే ఆ రోజు అతను నవ్వింది..."

"ఇప్పుడు కూడా దుబాయిలోనే నిలబడ్డానన్నాడు సార్."

"నీకు రెండు భాషలు వచ్చు," అన్నాడు బిలాల్. "అతనికి ఒకటే వచ్చు. ఆ ఒక్కటీ నీ చేతిలో పెట్టాడు." కోప్పడలేదు. టేబుల్ సొరుగులోంచి తెల్ల కాగితం తీసి నా ముందుకు జరిపాడు, పైన కలం పెట్టాడు. "రద్దు ఆపడం నా చేతిలో లేదు. మళ్లీ రాకూడదన్న ముద్ర మాత్రం తీయించగలను. జరిగింది రాయి, హిందీలోనైనా సరే. స్లిప్పు ఎవరు రాశారు, ఎవరు రాయించారు, కార్డు ఎక్కడ చేశారు. కింద సంతకం పెట్టు. అతను ఆరు నెలల్లో తిరిగి రావచ్చు."

కలం తీసుకున్నాను. పోశన్న పేరు రాశాను. నా పేరు రాశాను. తర్వాతి మాట నాగేంద్రబాబు.

"మిగతా పది మందివి కూడా ఇలాంటివేనా?" అని అడిగాడు బిలాల్.

ఆ ప్రశ్న నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. పది మంది. పది ఇళ్లు. నా ఒక్కడి భయానికి ఒక్కసారిగా పది మంది కొడుకులూ కూతుళ్లూ తోడొచ్చారు. ఇది నా కోసం కాదు, వాళ్ల కోసం అనుకున్నాను. అలా అనుకోగానే కలం కింద పెట్టాను.

"సార్, ఒక్క రోజు టైం ఇవ్వండి. దేవుడికి దండం పెట్టుకుని వచ్చి రాస్తాను."

బిలాల్ కలం వెనక్కి తీసుకున్నాడు. రెండు పేర్లున్న ఆ కాగితం తీసి సొరుగులో పెట్టాడు. "గురువారం దాకా ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

ఆదివారం పోలేదు. సోమవారం నాగేంద్రబాబు గారు నా వీసా కాగితాలు ఆఫీసుకు పంపానని, నేనడగకుండానే చెప్పారు. మంగళవారం పటం ముందు కూర్చున్నాను. నేను చదివే చాలీసా ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాను. ఏమీ అడగలేదు. అడిగితే ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు, తెలిసిన జవాబు కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకనిపించింది. బుధవారం ఓవర్‌టైం ఉంది.

గురువారం పొద్దున బిలాల్ సైట్‌కు వచ్చాడు. సముద్రం వైపు గోడకు మల్లేష్, ఇంకో ఇద్దరు కలిసి కట్టిన స్కఫోల్డింగ్ కింద ఆగి పైకి చూశాడు. మల్లేష్‌ను కిందికి పిలిచాడు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే బిలాల్ నా వైపు చూసేవాడు, నేను వెళ్లి మధ్యలో నిలబడేవాణ్ణి. ఆ అలవాటుకొద్దీ రిజిస్టర్ చంకలో పెట్టుకుని దగ్గరికి వెళ్లాను.

బిలాల్ నా వైపు చూడలేదు. ఒక పైపు మీద చెయ్యి వేసి, హిందీలోనే, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి మల్లేష్‌నే అడిగాడు. ఇది ఎవరు బిగించారు? కింద పలక పెట్టారా? ఇంతకుముందు ఎక్కడ చేశావు?

మల్లేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యమధ్య నా వైపు చూస్తూ, చేతులు కట్టుకుని, "హా సార్. హా సార్," అంటున్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.